నిర్మాణ అనుమతుల అప్పీళ్లలో గడువు పొడిగింపు - న్యాయస్థానాల విచక్షణాధికారానికి గల హద్దులు

భవనం, లేఅవుట్, గని, విమానాశ్రయం వంటి ఏ నిర్మాణానికైనా అనుమతి మంజూరు చేసినప్పుడు గాని, నిరాకరించినప్పుడు గాని, షరతులు విధించినప్పుడు గాని ఆ ఉత్తర్వు వల్ల నష్టపోయే పక్షం ఒకటి ఉంటుంది. అనుమతి లభించనప్పుడు దరఖాస్తుదారు, లభించినప్పుడు ఇరుగుపొరుగువారు లేదా గ్రామస్థులు ఆ స్థానంలో ఉంటారు. వీరికి అప్పీలు చేసుకునే హక్కును వివిధ చట్టాలు కల్పించినవి. అయితే ఆ హక్కు నిర్ణీత దినాలకు మాత్రమే పరిమితం. ఆ దినాలు గడచిన తరువాత వచ్చిన అప్పీలును స్వీకరించవచ్చునా, స్వీకరిస్తే ఎంత ఆలస్యం వరకు, ఏ కారణంపై అన్న ప్రశ్నలు ప్రతి న్యాయస్థానంలోను నిత్యం ఎదురవుతూనే ఉన్నవి.

న్యాయమూర్తి తలచుకుంటే ఎంతటి ఆలస్యాన్నైనా మన్నించగలరన్న అభిప్రాయం ప్రజలలోనే గాక కొన్ని ప్రభుత్వ కార్యాలయాలలో సైతం ఉన్నది. ఇది సరైనది కాదు. గడువు పెంచే విచక్షణాధికారం న్యాయస్థానానికి చట్టం నుంచి సంక్రమిస్తుంది. చట్టం ఎంతవరకు ఇచ్చినదో అంతవరకే అది ఉంటుంది. కొన్ని చట్టాలు ఆ అధికారాన్ని పరిమితి లేకుండా ఇచ్చినవి, కొన్ని రోజుల లెక్కన కొలిచి ఇచ్చినవి, మరికొన్ని అసలే ఇవ్వలేదు.

అధికారానికి మూలం

ఈ విషయంలో దేశమంతటికీ వర్తించే సాధారణ చట్టం కాలపరిమితి చట్టం, 1963. దీనిలోని 3వ సెక్షన్ ప్రకారం గడువు దాటిన దావాను, అప్పీలును, దరఖాస్తును ప్రతివాది అభ్యంతరం చెప్పకపోయినా న్యాయస్థానం తోసిపుచ్చవలసిందే. ఈ కఠిన నియమానికి 5వ సెక్షన్ సడలింపు ఇచ్చినది. గడువులోగా రాలేకపోవడానికి తగిన కారణం ఉన్నదని అప్పీలుదారు న్యాయస్థానాన్ని ఒప్పించగలిగితే అప్పీలును గడువు తరువాత కూడా స్వీకరించవచ్చును. న్యాయవాదుల వాడుకలో ‘డిలే కండొనేషన్ పిటిషన్’ అని పిలిచేది ఈ సెక్షన్ కింద దాఖలు చేసే దరఖాస్తునే. ఈ సడలింపు అప్పీళ్లకు, దరఖాస్తులకు మాత్రమే వర్తిస్తుంది. దావాలకు వర్తించదు.

తగిన కారణం చూపినంత మాత్రాన మన్నింపు హక్కుగా లభించదని రేవా కోల్‌ఫీల్డ్స్ కేసులో 1961లోనే గౌరవ సుప్రీంకోర్టు స్పష్టం చేసినది. కారణం నిరూపణ కావడం మొదటి మెట్టు. అది దాటిన తరువాతనే న్యాయస్థానపు విచక్షణ ప్రారంభమవుతుంది. కారణమే లేనప్పుడు విచక్షణకు తావు లేదు.

ప్రత్యేక చట్టాలు తమవైన గడువులను నిర్ణయించినప్పుడు ఏమి చేయాలో 29వ సెక్షన్ రెండవ ఉపనిబంధన చెబుతుంది. ప్రత్యేక చట్టం స్పష్టంగా మినహాయించనంత వరకు 4 నుంచి 24 వరకు గల సెక్షన్లు ఆ గడువులకు కూడా వర్తిస్తాయి. ‘స్పష్టంగా మినహాయించడం’ అంటే 5వ సెక్షన్ వర్తించదని అక్షరాలా వ్రాసి ఉండనవసరం లేదని, చట్టం మొత్తం పద్ధతిని బట్టి కూడా దానిని గ్రహించవచ్చునని 2009లో హాంగో ఇండియా కేసులో సుప్రీంకోర్టు నిర్ణయించినది. ఆచరణలో వివాదాలన్నీ ఈ ఒక్క అంశం చుట్టూనే తిరుగుతున్నవనడం అతిశయోక్తి కాదు.

కోర్టు వేరు, అప్పీలు అధికారి వేరు

నిర్మాణ అనుమతులకు సంబంధించిన తొలి అప్పీలు సాధారణంగా న్యాయస్థానానికి పోదు. ఉన్నతాధికారికో, ప్రభుత్వానికో, ట్రిబ్యునల్‌కో పోతుంది. ఉదాహరణకు మహారాష్ట్ర ప్రాంతీయ, పట్టణ ప్రణాళికా చట్టం, 1966లోని 47వ సెక్షన్ ప్రకారం అనుమతి నిరాకరణపై ఉత్తర్వు అందిన 40 రోజుల్లోగా రాష్ట్ర ప్రభుత్వానికి అప్పీలు చేసుకోవాలి. ఇటువంటి అప్పీలు అధికారి కాలపరిమితి చట్టంలోని 5వ సెక్షన్‌ను ఉపయోగించి గడువు పెంచవచ్చునా?

ఈ ప్రశ్నకు సమాధానం తెలంగాణ ప్రాంతపు భూమి వివాదం ఒకదానిలో 1985లోనే లభించినది. ఆంధ్రప్రదేశ్ (తెలంగాణ ప్రాంత) కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం, 1950 కింద కలెక్టరుకు ఆలస్యంగా చేసిన అప్పీలు విషయమది. కాలపరిమితి చట్టం న్యాయస్థానాలకే వర్తిస్తుందని, కలెక్టరు అప్పీళ్లను విచారించినంత మాత్రాన న్యాయస్థానం కాజాలరని, అందువల్ల 5వ సెక్షన్ కింద ఆలస్యాన్ని మన్నించే అధికారం ఆయనకు లేదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కౌలుదారీ చట్టంలో కాలపరిమితి చట్టం ప్రస్తావన ఉన్న మాట నిజమే గాని, అది రోజుల లెక్కకు మాత్రమే పరిమితమైనదని ధర్మాసనం భావించినది. అటువంటి అధికారాన్ని అధికారికి ఇవ్వదలచుకుంటే ఆయా చట్టంలోనే ఆ మాట వ్రాయవచ్చునని కూడా పేర్కొన్నది. 2015లో ఎం.పి. స్టీల్ కేసులోను, 2019లో తమిళనాడు దేవాదాయ శాఖ కమిషనరుకు సంబంధించిన కేసులోను ఇదే సూత్రం పునరుద్ఘాటితమైనది.

కనుక అప్పీలు అధికారిగా వ్యవహరించే ప్రతి ఉద్యోగి ఆలస్యపు దరఖాస్తు ముందుకు వచ్చినప్పుడు మొదట తెరిచి చూడవలసినది కాలపరిమితి చట్టాన్ని కాదు, తనకు అప్పీలు అధికారం ఇచ్చిన చట్టాన్ని. అందులో మన్నింపు నిబంధన లేకుండా జాలితో స్వీకరించిన అప్పీలు తరువాత హైకోర్టులో నిలువదు. అప్పటికి అప్పీలుదారుకు మరికొన్ని సంవత్సరాలు వృథా అయి ఉంటాయి.

తలుపు తెరిచి ఉంచిన చట్టాలు, తాళం వేసిన చట్టాలు

స్థిరాస్తి (నియంత్రణ, అభివృద్ధి) చట్టం, 2016 మొదటి కోవకు చెందినది. ‘రెరా’ ప్రాధికార సంస్థ ఉత్తర్వులపై 44వ సెక్షన్ కింద అప్పీలు ట్రిబ్యునల్‌కు 60 రోజుల్లోగా, ట్రిబ్యునల్ తీర్పుపై 58వ సెక్షన్ కింద హైకోర్టుకు మరో 60 రోజుల్లోగా వెళ్లవచ్చును. తగిన కారణం ఉంటే ఆ తరువాత కూడా స్వీకరించవచ్చునని రెండు సెక్షన్లూ చెబుతున్నవి. ఎంతవరకు అన్న పైహద్దు ఏదీ లేదు.

జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం, 2010 ఇందుకు భిన్నమైనది. పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్, 2006 ప్రకారం గనులు, జల విద్యుత్ ప్రాజెక్టులు, విమానాశ్రయాల వంటి వాటితో పాటు 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మిత వైశాల్యం గల భవనాలకు కూడా ముందస్తు పర్యావరణ అనుమతి అవసరం. ఆ అనుమతిపై అప్పీలును 16వ సెక్షన్ కింద ఉత్తర్వు తెలియజేసిన నాటి నుంచి 30 రోజుల్లోగా దాఖలు చేయాలి. తగిన కారణం ఉంటే మరో 60 రోజులకు మించని కాలాన్ని ట్రిబ్యునల్ అనుమతించవచ్చును. అంటే జూన్ 1వ తేదీన ఉత్తర్వును తెలియజేస్తే జూలై 1 వరకు హక్కుగాను, ఆగస్టు 30 వరకు ట్రిబ్యునల్ విచక్షణపైన అప్పీలు చేసుకోవచ్చును. ఆగస్టు 31న వచ్చిన అప్పీలుదారు చూపిన కారణం ఎంత న్యాయమైనదైనా దానిని పరిశీలించే అధికారమే ట్రిబ్యునల్‌కు ఉండదు. అదే చట్టంలోని 22వ సెక్షన్ ట్రిబ్యునల్ తీర్పుపై సుప్రీంకోర్టుకు అప్పీలుకు 90 రోజులు ఇచ్చి, ఆ తరువాతి ఆలస్యానికి పైహద్దు పెట్టకపోవడం గమనార్హం. ఒకే చట్టంలో కింది మెట్టున తాళం, పై మెట్టున తెరచిన తలుపు ఉన్నవి.

ఇటువంటి కొలత గల గడువులు మన్నించరానివని సుప్రీంకోర్టు పలుమార్లు తీర్పు చెప్పినది. మధ్యవర్తిత్వ చట్టంలోని మూడు నెలలు, ఆపై 30 రోజుల గడువు విషయంలో 2001 నాటి పాపులర్ కన్‌స్ట్రక్షన్ కేసు, కేంద్ర ఎక్సైజ్ అప్పీళ్ల విషయంలో 2008 నాటి సింగ్ ఎంటర్‌ప్రైజెస్ కేసు ఇందుకు ప్రమాణాలు. ట్రిబ్యునల్‌లో మూసుకున్న దారిని రిట్ పిటిషన్ ద్వారా హైకోర్టులో తెరవవచ్చునన్న ఆశకు 2020 మే నెలలో వెలువడిన కాకినాడ కేసు తెర దించినది. ఆంధ్రప్రదేశ్ విలువ ఆధారిత పన్ను చట్టం, 2005లోని 31వ సెక్షన్ అప్పీలుకు 30 రోజులు, మన్నింపుకు మరో 30 రోజులు ఇచ్చినది. ఆ 60 రోజులూ దాటిన తరువాత ఒక సంస్థ హైకోర్టును ఆశ్రయించగా, చట్టసభ నిర్ణయించిన పైహద్దును రిట్ అధికారంతో దాటడం తగదని సుప్రీంకోర్టు నిర్ణయించినది. అది పన్నుల వివాదమే అయినా అందులోని సూత్రం కొలత గల గడువులున్న ఇతర చట్టాల విషయంలోను ప్రస్తావనకు వస్తున్నది.

విదేశాల్లోను ఈ భేదం కనిపిస్తుంది. ఇంగ్లండు పట్టణ, గ్రామ ప్రణాళికా చట్టం, 1990లోని 288వ సెక్షన్ కింద ప్రణాళికా నిర్ణయాలను సవాలు చేయడానికి ఆరు వారాలు మాత్రమే గడువు. దానిని పెంచే అధికారం న్యాయస్థానానికి లేదు. ఐర్లండు 2000 సంవత్సరపు చట్టం ఎనిమిది వారాలు ఇచ్చి, సరైన, చాలినంత హేతువు ఉండి, పరిస్థితులు దరఖాస్తుదారు చేతిలో లేనివైతే హైకోర్టు పెంచవచ్చునన్నది.

లెక్క మొదలయ్యే రోజు

పైహద్దు కఠినమైనదైనప్పుడు వివాదమంతా లెక్క ఏ రోజున మొదలైనదన్న అంశంపైకి మళ్లుతుంది. దరఖాస్తుదారుకు ఉత్తర్వు నేరుగా అందుతుంది గనుక అతని విషయంలో చిక్కు తక్కువ. పొరుగువారికి, గ్రామస్థులకు ఉత్తర్వును ఎవరూ ఇంటికి తెచ్చి ఇవ్వరు. వారికి ఎప్పుడు ‘తెలియజేసినట్లు’?

అరుణాచల్ ప్రదేశ్‌లోని తవాంగ్ ప్రాంతంలో తలపెట్టిన 780 మెగావాట్ల న్యాంజాంగ్ ఛూ జల విద్యుత్ ప్రాజెక్టు ఉదంతం ఈ సందర్భంలో పేర్కొనదగినది. ప్రాజెక్టుకు 2012 ఏప్రిల్‌లో పర్యావరణ అనుమతి లభించగా స్థానికుల పక్షాన సేవ్ మోన్ రీజియన్ ఫెడరేషన్ అదే సంవత్సరం అప్పీలు చేసినది. గడువు దాటినదని ప్రతివాదులు అభ్యంతరం చెప్పారు. 2013 మార్చిలో హరిత ట్రిబ్యునల్ ఈ అభ్యంతరాన్ని విచారించి, తెలియజేయడం అంటే ఏదో ఒక చోట అనుమతి వచ్చిన మాట ప్రస్తావించడం కాదని, ఉత్తర్వు పూర్తి పాఠం, షరతులు సహా ప్రజలకు అందుబాటులోకి రావాలని వివరించి, అప్పీలును విచారణకు స్వీకరించినది. మూడేళ్ల తరువాత, 2016 ఏప్రిల్ 7న అదే అప్పీలుపై తుది తీర్పు ఇస్తూ ప్రాజెక్టు అనుమతిని నిలిపివేసినది. శీతకాలంలో అక్కడికి వచ్చే నల్లమెడ కొంగల ఆవాసంపై ప్రభావాన్ని మరల అధ్యయనం చేయవలసిందిగా ఆదేశించినది. గడువు అభ్యంతరం 2013లో నెగ్గి ఉంటే ఈ అంశం విచారణకే వచ్చి ఉండేది కాదు.

2006 నోటిఫికేషన్ ఈ బాధ్యతను ముగ్గురిపై ఉంచినది. ప్రాజెక్టు సంస్థ అనుమతిని, షరతులను స్థానికంగా వెలువడే కనీసం రెండు వార్తాపత్రికలలో ప్రకటించాలి, తన వెబ్‌సైట్‌లో శాశ్వతంగా ఉంచాలి. మంత్రిత్వ శాఖ గాని, రాష్ట్రస్థాయి ప్రాధికార సంస్థ గాని ప్రభుత్వ పోర్టల్‌లో ఉంచాలి. పంచాయతీలు, పురపాలక సంఘాలు తమకు అందిన ప్రతిని 30 రోజుల పాటు ప్రదర్శించాలి. ముగ్గురూ వేర్వేరు తేదీలలో ఈ పని చేస్తే ఏ తేదీ నుంచి లెక్కించాలి? గుజరాత్‌లోని ఒక సున్నపురాయి గని విషయంలో తల్లి గ్రామ పంచాయతీ చేసిన అప్పీలుపై 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఈ సందేహాన్ని తీర్చినది. సమాచార హక్కు చట్టం కింద ప్రతి అందిన నాటి నుంచి లెక్కించాలన్న పంచాయతీ వాదన నెగ్గలేదు. బాధ్యులలో ఎవరు ముందుగా పూర్తిగా తెలియజేస్తే ఆ తేదీ నుంచే లెక్క మొదలవుతుందని ధర్మాసనం నిర్ణయించినది.

ఈ తీర్పు తరువాత పంచాయతీ కార్యదర్శులు ప్రదర్శన తేదీని నమోదు చేయడం ఎంత ముఖ్యమో, పోర్టల్‌లో ఉత్తర్వు పెట్టిన తేదీ కూడా అంతే ముఖ్యమైనది. జిల్లా విలేకరులకు సైతం ఇది పనికివచ్చే విషయమే. వార్తాపత్రిక లోపలి పేజీలో వెలువడే చిన్న ప్రకటన ఒక గ్రామం మొత్తానికి 90 రోజుల గడియారాన్ని నడిపించగలదు.

పైహద్దు లోపల ఉన్న ఆలస్యం విషయంలో ఉదారంగా వ్యవహరించవలసిన సందర్భాలూ ఉన్నవి. విజయనగరం జిల్లా భోగాపురం విమానాశ్రయానికి 2017లో ఇచ్చిన పర్యావరణ అనుమతిపై దాఖలైన అప్పీలును ఆలస్యం కారణంగా హరిత ట్రిబ్యునల్ తిరస్కరించగా, 2021 మార్చిలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దుచేసి అప్పీలును పునరుద్ధరించినది.

ఏది తగిన కారణం

‘తగిన కారణం’ అంటే ఏమిటో చట్టం నిర్వచించలేదు. ఈ విషయంలో నేటికీ మొదట ఉదహరించేది 1987 నాటి అనంతనాగ్ భూసేకరణ కలెక్టరు కేసు. భూసేకరణ పరిహారం పెంపుపై జమ్మూ-కాశ్మీర్ రాష్ట్రం చేసిన అప్పీలు కేవలం 4 రోజులు ఆలస్యమైనది. హైకోర్టు దానిని తోసిపుచ్చగా సుప్రీంకోర్టు మన్నించినది. ఆలస్యం చేసి అప్పీలుదారు లాభపడేది ఏమీ ఉండదని, ప్రతి రోజు ఆలస్యానికి సంజాయిషీ అన్న సూత్రాన్ని ఛాందసంగా పాటించరాదని, సాంకేతికతకు, న్యాయానికి వైరుధ్యం ఏర్పడితే న్యాయం వైపే మొగ్గాలని ఆ తీర్పు బోధించినది. 1998లో మరొక కేసులో 883 రోజుల ఆలస్యాన్ని సైతం మన్నిస్తూ, ఆలస్యం ఎంత అన్నది కాదు, సంజాయిషీ నమ్మదగినదా కాదా అన్నదే ముఖ్యమని సుప్రీంకోర్టు పేర్కొన్నది.

ఈ ఉదారతను ప్రభుత్వ శాఖలు హక్కుగా భావించడం మొదలైన తరువాత తీర్పుల ధోరణి మారినది. 2012లో పోస్ట్‌మాస్టర్ జనరల్ - లివింగ్ మీడియా కేసులో 427 రోజుల ఆలస్యానికి ఫైలు ఒక బల్ల నుంచి మరొక బల్లకు వెళ్లడమే కారణమని తపాలా శాఖ చెప్పగా న్యాయస్థానం అంగీకరించలేదు. ఆధునిక సాంకేతిక సదుపాయాలున్న కాలంలో ఇటువంటి సంజాయిషీ చెల్లదని, కాలపరిమితి చట్టం ప్రభుత్వంతో సహా అందరికీ సమానమని స్పష్టం చేసినది. 2020 అక్టోబరులో మధ్యప్రదేశ్ ప్రభుత్వం 663 రోజుల ఆలస్యంతో వచ్చినప్పుడు పిటిషన్‌ను కొట్టివేయడంతో పాటు రూ. 25,000 ఖర్చులు విధించినది. 2025 సెప్టెంబరులో కర్ణాటక హౌసింగ్ బోర్డు చేసిన రెండవ అప్పీలులో 3,966 రోజుల ఆలస్యాన్ని హైకోర్టు మన్నించగా, సుప్రీంకోర్టు ఆ మన్నింపునే రద్దుచేసినది.

నాలుగు రోజుల నుంచి 3,966 రోజుల వరకు సాగిన ఈ తీర్పుల వరుసలో పరిస్థితుల భేదం ఉన్నప్పటికీ ఒక అంశం స్థిరంగా కనిపిస్తుంది. అనారోగ్యం, న్యాయవాది నిర్లక్ష్యం, ఉత్తర్వు ప్రతి అందకపోవడం వంటి నిర్దిష్టమైన కారణాన్ని తేదీలతో, కాగితాలతో చూపినవారికి ఉపశమనం లభించినది. ‘పరిపాలనా కారణాలు’ అని మాత్రమే వ్రాసినవారికి లభించలేదు.

నిర్మాణ వివాదాలలో మరొక అంశాన్ని కూడా న్యాయస్థానాలు తూకం వేయవలసి ఉంటుంది. అనుమతి పొందినవారు గడువు ముగిసినదన్న నమ్మకంతో పునాది వేస్తారు, బ్యాంకు రుణం తీసుకుంటారు, ఫ్లాట్లు అమ్ముతారు. పొరుగువారి అప్పీలు ఆరు నెలల తరువాత వస్తే నష్టపోయేది బిల్డరు ఒక్కరే కాదు, అప్పటికే డబ్బు చెల్లించిన కొనుగోలుదారులు కూడా. మరొక వైపు, అక్రమంగా ఇచ్చిన అనుమతిపై వచ్చిన అప్పీలును రోజుల లెక్కతో తిరస్కరిస్తే నిలిచిపోయే భవనం తరతరాలు ఉంటుంది. డబ్బు వివాదంలో ఆలస్యాన్ని ఖర్చులు విధించి సరిదిద్దవచ్చును గాని, కట్టిన భవనం విషయంలో ఆ వీలు అంతగా ఉండదు. పర్యావరణ అనుమతులకు చట్టసభ 90 రోజుల పైహద్దు పెట్టడం వెనుక ఈ వాస్తవమే ఉన్నదని భావించవచ్చును.

ఆలస్యపు దరఖాస్తు పెండింగులో ఉన్నంత మాత్రాన నిర్మాణం ఆగదు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 1976 సవరణతో చేర్చిన 41వ ఆర్డరు 3-ఎ నిబంధన ప్రకారం గడువు దాటిన అప్పీలుతో పాటు కారణాలు తెలిపే దరఖాస్తును, అఫిడవిట్‌ను జతచేయాలి. అప్పీలును విచారించాలని నిర్ణయించే వరకు డిక్రీ అమలుపై స్టే ఇవ్వరాదు. సివిల్ కోర్టులకు సంబంధించిన ఈ నిబంధన ప్రకారం ఆలస్యంగా వచ్చినవారు స్టే కోసం కూడా నిరీక్షించక తప్పదు.

రోజుల లెక్కలో కొన్ని మెళకువలు

ఉత్తర్వు వెలువడిన రోజును, ధ్రువీకృత నకలు పొందడానికి పట్టిన కాలాన్ని 12వ సెక్షన్ ప్రకారం లెక్క నుంచి తీసివేయాలి. నకలు కోసం దరఖాస్తు చేసిన తేదీ, అది సిద్ధమైన తేదీ నకలుపైనే ముద్రవేసి ఉండడం ఇందుకోసమే. ఆఖరి రోజు న్యాయస్థానానికి సెలవైతే తెరచిన రోజున దాఖలు చేయవచ్చునని 4వ సెక్షన్ చెబుతుంది. అయితే ఈ సెలవు సదుపాయం అసలు గడువుకే గాని, విచక్షణపై లభించే అదనపు రోజులకు వర్తించదని మధ్యవర్తిత్వ చట్టానికి సంబంధించిన 2012 నాటి అస్సాం పట్టణ నీటి సరఫరా బోర్డు కేసులో తీర్పు వెలువడినది. అదనపు రోజులలో ఆఖరిది ఆదివారమైనా, వేసవి సెలవులలో వచ్చినా జాగ్రత్త పడవలసినది అప్పీలుదారే.

అధికార పరిధి లేని న్యాయస్థానంలో సద్భావంతో కేసు నడిపిన కాలాన్ని 14వ సెక్షన్ మినహాయిస్తుంది. ట్రిబ్యునళ్లకు ఈ సెక్షన్ నేరుగా వర్తించకపోయినా అందులోని సూత్రం వర్తిస్తుందని పైన పేర్కొన్న ఎం.పి. స్టీల్ కేసులో సుప్రీంకోర్టు అంగీకరించినది.

కోవిడ్ కాలంలో గడువులన్నింటినీ సుప్రీంకోర్టు తనంతట తానుగా పొడిగించిన సంగతి విదితమే. 2022 జనవరి 10 నాటి ఉత్తర్వు ప్రకారం 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు గల కాలం లెక్కలోకి రాదు. ఆ మధ్యకాలంలో గడువు ముగిసినవారికి 2022 మార్చి 1 నుంచి 90 రోజులు లభించినవి. ఆలస్యాన్ని మన్నించదగిన పైహద్దులను కూడా ఈ ఉత్తర్వులో చేర్చడం విశేషం. సాధారణ కాలంలో ఏ న్యాయస్థానమూ దాటలేని గీతను సుప్రీంకోర్టు జరిపిన అరుదైన సందర్భమిది.

కూల్చివేత ఉత్తర్వులు

అనుమతి లేని నిర్మాణాల విషయంలో గడువు సమస్య మరొక రూపంలో ఎదురవుతుంది. అప్పీలు గడువు ముగియకముందే యంత్రాలు వచ్చి నిలిస్తే అప్పీలు హక్కుకు అర్థం ఉండదు. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు జారీచేసినది. స్థానిక చట్టంలోని గడువు లేదా నోటీసు అందిన నాటి నుంచి 15 రోజులు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే ఆ కాలం వరకు సంజాయిషీకి అవకాశం ఇవ్వకుండా కూల్చివేత చేపట్టరాదు. నోటీసును రిజిస్టర్డ్ పోస్టులో పంపడంతో పాటు భవనంపై అంటించాలి. వెనుకటి తేదీలు వేశారన్న ఆరోపణలకు తావు లేకుండా నోటీసు జారీ సమాచారాన్ని కలెక్టరు కార్యాలయానికి ఈ-మెయిల్‌లో పంపాలి. తుది ఉత్తర్వు అందిన తరువాత కూడా అప్పీలుకు లేదా స్వయంగా తొలగించుకోవడానికి మరో 15 రోజులు వేచి ఉండాలి. ఉల్లంఘించిన అధికారులు తమ సొంత ఖర్చుతో నష్టాన్ని పూడ్చవలసి ఉంటుంది. రోడ్లు, కాలిబాటలు, రైలు మార్గాల పక్కన, నదులు, చెరువులపై గల ఆక్రమణలకు, న్యాయస్థానమే కూల్చివేతకు ఆదేశించిన కేసులకు ఈ మార్గదర్శకాలు వర్తించవు.

దీనికి మరొక పార్శ్వం మీరట్ నగరంలో నివాస స్థలంలో వెలసిన దుకాణాలకు సంబంధించి 2024 డిసెంబరు 17న వెలువడిన తీర్పు. అధికారులు ఎన్ని సంవత్సరాలు ఉపేక్షించినా అక్రమ నిర్మాణం సక్రమం కాజాలదని సుప్రీంకోర్టు అందులో స్పష్టం చేసినది. క్రమబద్ధీకరణ, పూర్తి ధ్రువపత్రాల నిరాకరణ వంటి వాటిపై వచ్చిన అప్పీళ్లను, పెండింగులో ఉన్నవాటితో సహా, 90 రోజులు మించకుండా పరిష్కరించాలని ఆదేశించినది. గడువు అప్పీలుదారుకే గాక అప్పీలు అధికారికి కూడా ఏర్పడినది.

రిట్ పిటిషన్లు, పత్రికా వార్తలు

నిర్మాణ వివాదాలు పలుమార్లు రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద నేరుగా హైకోర్టుకు చేరుతున్నవి. రిట్ పిటిషన్‌కు చట్టం నిర్ణయించిన గడువు లేదు. అయితే అకారణంగా ఆలస్యం చేసినవారికి ఉపశమనం నిరాకరించడం హైకోర్టుల విచక్షణలోనిది. నాలుగు అంతస్తులు లేచే వరకు చూస్తూ ఊరుకుని తరువాత వచ్చిన పొరుగువారిని, అనుమతి పత్రం చూపమని పలుమార్లు వ్రాసినా సమాధానం పొందలేకపోయిన పొరుగువారిని న్యాయస్థానం ఒకే విధంగా చూడదు. రెండవ సందర్భంలో ఆ ఉత్తరాల రసీదులే ప్రధాన సాక్ష్యం.

అధికారులు ఉత్తర్వు చివర అప్పీలు ఎవరికి, ఎన్ని రోజుల్లోగా చేసుకోవాలో వ్రాయడం, అందజేసిన తేదీని సంతకంతో నమోదు చేయడం చిన్న పనులే. ఈ రెండూ లేని ఉత్తర్వుపై ఆలస్యపు అప్పీలు వచ్చినప్పుడు గడువు దాటినదని వాదించడం ప్రభుత్వ న్యాయవాదికి కష్టమవుతుంది.

పత్రికలలో ‘అనుమతిని సమర్థించిన కోర్టు’ అన్న శీర్షికతో వచ్చే వార్తలలో కొన్నింటిని పరిశీలిస్తే, న్యాయస్థానం అనుమతి మంచిచెడ్డలలోకి వెళ్లకుండా ఆలస్యం కారణంగానే అప్పీలును తిరస్కరించినట్లు తెలుస్తుంది. అదే విధంగా ఆలస్యాన్ని మన్నించిన ఉత్తర్వు అనుమతిని తప్పుపట్టినట్లు కాదు. అప్పీలుకు నెంబరు కేటాయించి విచారణకు తీసుకుంటారని మాత్రమే దాని అర్థం. ఈ భేదం ఉత్తర్వు చివరి పేరాలోనే సాధారణంగా ఉంటుంది.